పాఠకుల ప్రశ్నలు – వైద్యుని జవాబులు: పెద్దపేగు పూతకు మందు ఎంతకాలం?

కొన్ని నెలలుగా ఈ శీర్షికకు కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల నుంచి వస్తున్న ఉత్తరాల్లో పెద్దపేగు పూత గురించి అడిగేవి ఎక్కువగా ఉంటున్నాయి. మలంలో రక్తం, జిగురు పడటం, రోజుకు పదిసార్లు వెళ్లాల్సి రావడం, వెళ్లివచ్చిన వెంటనే మళ్లీ వెళ్లాలనిపించడం వంటి బాధలతో బయటపడే ఈ జబ్బును వైద్యులు అల్సరేటివ్ కొలైటిస్ అంటారు. మన వైపు దీన్ని మొదట ‘వేడి చేసింది’ అనుకుని మజ్జిగ, సబ్జా గింజల నీళ్లు తాగుతారు. తగ్గకపోతే మొలలనుకుంటారు. ఆ తర్వాత అమీబా అనుకుని మెట్రోనిడజోల్ మాత్రలు కోర్సు మీద కోర్సు మింగుతారు. గొట్టంతో పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీ చేయించి, పేగు లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపేసరికి ఏడాది గడిచిపోవడం మామూలైపోయింది. వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. పేర్లు వేయవద్దని అందరూ కోరారు కాబట్టి ఊళ్లు మాత్రమే ఉంటాయి.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 34. పత్తి జిన్నింగు మిల్లులో లెక్కలు రాస్తాను. రెండేళ్ల కిందట హైదరాబాదులో కొలనోస్కోపీ చేసి పెద్దపేగుకు ఎడమవైపు పూత ఉందన్నారు. మెసలమైన్ మాత్రలు, వాటితో పాటు కొన్నాళ్లు స్టిరాయిడ్ మాత్రలు ఇచ్చారు. నాలుగు నెలల్లో పూర్తిగా తగ్గిపోయింది కాబట్టి అన్నీ ఆపేశాను. అప్పటి నుంచి రక్తం కనిపించినప్పుడల్లా పాత చీటీ చూపించి మందుల షాపులో ఆ స్టిరాయిడ్ మాత్రలే తెచ్చుకుంటున్నాను. వారం తిరక్కుండా తగ్గిపోతోంది. ఈమధ్య ముఖం ఉబ్బింది, షుగరు కూడా కొద్దిగా ఉందన్నారు. ఇలాగే వాడుకోవచ్చా? ఈ జబ్బు శాశ్వతంగా నయం కాదా? – ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: వాడుకోకూడదు. ఈ జబ్బుతో వచ్చేవారిలో నేను ఎక్కువగా చూసే చిక్కు ఇదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మీకు ఇచ్చిన రెండు మందులు చేసే పనులు వేరు. స్టిరాయిడ్ రేగిన మంటను త్వరగా అణచడానికి పనికొస్తుంది. మెసలమైన్ పేగు లోపలి పొర మీద నేరుగా పనిచేస్తూ, తగ్గిన జబ్బు మళ్లీ తిరగబెట్టకుండా కాపాడుతుంది. మీరు కాపాడే మందును ఆపేసి, అణచే మందును దగ్గర పెట్టుకున్నారు. వారంలో గుణం కనిపించే మందు మీద నమ్మకం కుదరడం సహజమే. ఏమీ బాధ లేని రోజుల్లో మింగే మాత్ర ఏం చేస్తోందో కంటికి కనిపించదు కాబట్టి దాని మీద గురి కుదరదు.

స్టిరాయిడ్ ఈ జబ్బులో పనిచేస్తుందని గట్టిగా నిరూపించినవారు ఆక్స్‌ఫర్డ్ వైద్యులు ట్రూలవ్, విట్స్. వారు 210 మంది రోగుల మీద కార్టిజోన్‌ను పరీక్షించి 1955లో ఫలితాలు ప్రకటించారు. జబ్బు ముదిరినవారిలో మరణాలు బాగా తగ్గాయి. అయితే తగ్గిన తర్వాత కూడా అదే మందును తక్కువ మోతాదులో కొనసాగిస్తే జబ్బు తిరగబెట్టకుండా ఉంటుందా అని ఆ తర్వాత జరిగిన పరీక్షల్లో, ఉండదని తేలింది. అంటే స్టిరాయిడ్ జబ్బును నిలువరించే మందు కాదన్న సంగతి వైద్యులకు 1960ల నాటికే తెలుసు. మీరు ఎన్ని కోర్సులు వాడినా, ఆపిన కొన్నాళ్లకు రక్తం మళ్లీ కనిపిస్తూనే ఉంటుంది. ఈలోగా షుగరు, రక్తపోటు పెరగడం, ఎముకలు గుల్లబారడం, కంటిలో శుక్లాలు రావడం, ఒంట్లో అణగి ఉన్న క్షయ తిరిగి లేవడం వంటివి ఒక్కొక్కటిగా వచ్చిపడతాయి.

ఇది చదివి రేపు ఉదయమే ఆ మాత్రలు ఆపేస్తారేమో, ఆ పని కూడా చేయవద్దు. కొన్ని వారాలు వరుసగా స్టిరాయిడ్ వాడినవారిలో శరీరం తనంతట తాను తయారుచేసుకునే హార్మోను ఉత్పత్తి మందగిస్తుంది. ఒక్కసారిగా ఆపితే నీరసం, వాంతులు, రక్తపోటు పడిపోవడం వంటి ప్రమాదాలు వస్తాయి. సాధారణంగా ప్రెడ్నిసొలోన్‌ను రోజుకు 40 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, గుణం కనిపించాక వారానికి 5 మిల్లీగ్రాముల చొప్పున దించుకుంటూ వస్తాం. దాంతో పాటు కాల్షియం, విటమిన్ డి ఇస్తాం. మీరు ఇప్పుడు ఎంత మోతాదులో ఉన్నారో, ఎన్నాళ్లుగా వాడుతున్నారో చూసి మీకు తగిన లెక్క వేయవలసింది మిమ్మల్ని చూసే వైద్యుడు. మందుల షాపులో ఇచ్చే పది మాత్రల పట్టీలో ఈ దించే లెక్క ఉండదు. పాత చీటీకి స్టిరాయిడ్ ఇచ్చే షాపువారిని నేను తప్పుపడతాను. అలాగే చీటీ మీద ‘తగ్గినా మెసలమైన్ ఆపవద్దు’ అని ఒక్క ముక్క తెలుగులో రాయని వైద్యులను కూడా తప్పుపడతాను.

ఏడాదిలో రెండోసారి స్టిరాయిడ్ అవసరమైందంటే, లేదా మోతాదు తగ్గించగానే రక్తం పడుతోందంటే, ఇప్పటి చికిత్స సరిపోవడం లేదని అర్థం. అప్పుడు మెసలమైన్ మోతాదు పెంచడమో, ఆసనం (మలద్వారం) ద్వారా ఇచ్చే మందు కలపడమో, ఒంటి రక్షణ వ్యవస్థను అణచే అజాథయోప్రిన్ వంటి మందుకు వెళ్లడమో చేయాలి. అంతకంటే ముందు మలపరీక్ష చేయించాలి. ఒక్కోసారి తిరగబెట్టినట్టు కనిపించేది పాత జబ్బు కాక, అమీబా గానీ, యాంటీబయాటిక్స్ తర్వాత వచ్చే క్లాస్ట్రిడియం అనే సూక్ష్మజీవి గానీ అయి ఉంటుంది. దాని చికిత్స పూర్తిగా వేరు.

శాశ్వతంగా నయం చేసే మందు ఇప్పటికి లేదు. పెద్దపేగును పూర్తిగా తీసివేసే ఆపరేషన్‌తో పూత పోతుంది గానీ అది అందరికీ అవసరమయ్యేది కాదు. మిగిలినవారికి మనం సాధించగలిగేది నెమ్మదించిన స్థితి, దాన్ని ఏళ్ల తరబడి నిలబెట్టుకోవడం. రక్తం ఆగినంత మాత్రాన పేగు మానినట్టు కాదు. బాధలన్నీ పోయినవారికి కొలనోస్కోపీ చేస్తే లోపల పొర ఇంకా ఎర్రగా, తాకితే రక్తం చిమ్మేట్టు ఉండటం తరచుగా చూస్తుంటాం. అది నివురుగప్పిన నిప్పు. మళ్లీ మళ్లీ కొలనోస్కోపీ చేయకుండానే ఈ సంగతి కొంతవరకు తెలుసుకోవడానికి మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే పరీక్ష ఉంది. పెద్ద ఊళ్లలోని ల్యాబులు నమూనాను హైదరాబాదుకో బెంగళూరుకో పంపి ఫలితం తెప్పిస్తాయి. మందు తగ్గించాలన్నా, మార్చాలన్నా ఆ అంకె చూసి నిర్ణయించుకోవడం మంచిది.

చివరగా మెసలమైన్ గురించి రెండు మాటలు. ఆ మాత్రను నమలకూడదు, విరవకూడదు. పెద్దపేగు దాకా కరగకుండా వెళ్లాలనే దానికి పైపూత వేస్తారు. ఒక్కోసారి మలంలో మాత్ర తొడుగు కనిపించి, మందు అలాగే బయటికి పోయిందని భయపడతారు. అప్పుడప్పుడు ఖాళీ తొడుగు కనిపిస్తే నష్టం లేదు, రోజూ నిండు మాత్రే పడుతుంటే వైద్యుడికి చెప్పాలి. ఏడాదికి ఒకసారైనా క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి, ఎందుకంటే ఈ మందు అరుదుగా మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

ప్రశ్న: నేను ఆర్టీసీ కండక్టరును. మలద్వారం దగ్గర మాత్రమే పూత ఉందన్నారు. రక్తం ఎక్కువ పడదు గానీ ఆపుకోలేను. బస్సు కదిలాక వస్తే ఏం చేయాలో తెలియక డ్యూటీ రోజుల్లో పొద్దుటి నుంచి ఏమీ తినకుండా ఎక్కుతున్నాను. ఆసనంలో పెట్టుకునే మందు రాశారు, నాకు అది చేతకావడం లేదు, సిగ్గుగా కూడా ఉంది. మాత్రలతో సరిపెట్టుకోవచ్చా? – ఒక పాఠకుడు, కడప

జవాబు: అన్నా, మీ జబ్బు ఉన్నచోటుకు మాత్ర సరిగా చేరదు, ఆసనంలో పెట్టుకునే మందు సూటిగా చేరుతుంది. మలాశయంలో పూత ఉన్నప్పుడు ఆ భాగం సాగే గుణం కోల్పోయి, కొద్దిపాటి మలం గానీ గాలి గానీ చేరినా నిండిపోయినట్టు సంకేతం పంపుతుంది. మీరు ఆపుకోలేకపోవడానికి అసలు కారణం ఇదే. పొద్దుటి నుంచి పస్తు ఉన్నందువల్ల మంట తగ్గదు, నీరసం మాత్రం వస్తుంది. మలాశయానికి పరిమితమైన పూతకు మొదటి ఎంపిక 1 గ్రాము మెసలమైన్ సపోజిటరీ, రాత్రి పడుకునే ముందు రోజుకు ఒకటి. చాలామందికి రెండు మూడు వారాల్లోనే ఆ తొందర తగ్గి, బస్సు దిగేదాకా ఓపిక పట్టగలిగే స్థితి వస్తుంది.

పెట్టుకునే పద్ధతి ఎవరూ చూపించరు కాబట్టి చెబుతున్నాను. ముందుగా మూత్రానికి, మలానికి వెళ్లివచ్చి చేతులు కడుక్కోండి. ఎడమవైపు తిరిగి పడుకుని, కుడి మోకాలిని కడుపు వైపు ముడవండి. మందు కొనను నీళ్లతో తడిపి, వేలు మొదటి కణుపు దాటేదాకా లోపలికి నెట్టండి. అక్కడి కండరం దాటితే మందు మళ్లీ బయటికి జారదు. పైపైన పెట్టి వదిలేస్తేనే జారుతుంది. పెట్టుకున్నాక లేచి తిరగకుండా పడుకోండి. దుప్పటి మీద మరకలు పడతాయి, పాత తువ్వాలు పరుచుకుంటే సరిపోతుంది.

మరో సంగతి. కడప ఎండల్లో రేకుల ఇంట్లో బల్ల మీద పెట్టిన సపోజిటరీ మధ్యాహ్నానికే మెత్తబడి ముద్దవుతుంది. ‘చేతకావడం లేదు’ అని వచ్చేవారిలో కొందరి చిక్కు మందు మెత్తబడటమే. దాన్ని ఫ్రిజ్ తలుపు అరలో ఉంచండి, మంచు గడ్డకట్టే పై గదిలో పెట్టవద్దు. డ్యూటీ మీద వేరే ఊళ్లో రాత్రి ఉండాల్సి వస్తే, ఆ పూటకు కావలసినది మాత్రం తడిగుడ్డ చుట్టిన చిన్న డబ్బాలో తీసుకెళ్లవచ్చు.

విరేచనాలు ఆగడానికని లోపరమైడ్ మాత్రలు జేబులో పెట్టుకుని తిరిగేవారున్నారు. జబ్బు రేగి రక్తం పడుతున్నప్పుడు ఆ మాత్రలు వేసుకుంటే పేగు కదలిక ఆగి, ఉబ్బిపోయి ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉంది. అలాగే రోజంతా నిలబడి నడుం నొప్పి వచ్చిందని డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటివి వాడవద్దు. ఇవి కొందరిలో పూతను రేపుతాయి. నొప్పికి పారాసెటమాల్ వాడుకోండి. జబ్బు అదుపులోకి వచ్చేదాకా దూరపు సర్వీసు కాకుండా దగ్గరి సర్వీసు గానీ, డిపోలోనే ఏదైనా పని గానీ ఇవ్వమని అడగడానికి మీ వైద్యుడి దగ్గర ధ్రువపత్రం తీసుకోండి. ఆ పత్రంలో జబ్బు పేరుతో పాటు ‘తరచుగా, ఆపుకోలేని విధంగా మలవిసర్జనకు వెళ్లవలసి వస్తుంది’ అని స్పష్టంగా రాయించుకోండి. జబ్బు పేరు చూసి పై అధికారికి ఏమీ అర్థం కాకపోవచ్చు, ఈ వాక్యం మాత్రం అర్థమవుతుంది.

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. పెళ్లికి ముందు నుంచే ఈ జబ్బు ఉంది. మెసలమైన్, అజాథయోప్రిన్ వాడుతున్నాను, ఏడాదిగా ఏ బాధా లేదు. బిడ్డ కోసం అనుకుంటున్నాం. మా అత్తమ్మ మంచిదే గానీ, కడుపుతో ఉండి ఇన్ని మాత్రలు మింగితే బిడ్డకు అవకరం వస్తుందని, ముందే ఆపమని అంటోంది. ఈ జబ్బు బిడ్డకు కూడా వస్తుందా? – ఒక పాఠకురాలు, గుంతకల్లు

జవాబు: అమ్మా, మీ అత్తమ్మగారి భయం బిడ్డ మీద ప్రేమతో వచ్చింది, కానీ లెక్క తిరగబడింది. గర్భంతో ఉన్నప్పుడు బిడ్డకు ఎక్కువ హాని చేసేది రేగిన జబ్బు. గర్భం నిలిచే సమయానికి పూత రేగి ఉంటే, ఆ తొమ్మిది నెలలూ అది అలాగే సాగే అవకాశం ఎక్కువ. నెలలు నిండకముందే కాన్పు, తక్కువ బరువుతో బిడ్డ పుట్టడం వంటి ఇబ్బందులు అందువల్లే వస్తాయి. కాబట్టి కనీసం మూడు నుంచి ఆరు నెలలు స్టిరాయిడ్ లేకుండా నెమ్మదిగా ఉన్నాక గర్భం దాల్చమని చెబుతాం. మీకు ఏడాది గడిచింది, సమయం అనుకూలంగానే ఉంది.

మెసలమైన్‌ను గర్భంలో కొనసాగిస్తాం. అజాథయోప్రిన్‌తో ముందే కుదుటపడిన స్త్రీలలో దాన్ని కూడా కొనసాగించడమే ఇప్పుడు ఆచారం. గర్భం వచ్చాక కొత్తగా మొదలుపెట్టడానికి మాత్రం వెనకాడతాం. రక్షణ వ్యవస్థను అణచే మరో మందు మెథోట్రెక్సేట్ గర్భంలో ససేమిరా పనికిరాదు, గర్భం అనుకునే కొన్ని నెలల ముందే ఆపాలి. ఈ జబ్బుకు వాడే టోఫాసిటినిబ్ అనే మాత్రను కూడా ఆపుతాం. ఫోలిక్ యాసిడ్‌ను గర్భం కోసం ప్రయత్నించేటప్పుడే మొదలుపెట్టండి. హిమోగ్లోబిన్, ఐరన్ ఇప్పుడే చూపించుకోండి, ఎందుకంటే ఈ జబ్బులో పోయిన రక్తం లోటు తీరకుండానే గర్భం వస్తే నీరసం రెట్టింపవుతుంది. ఈ జబ్బు ఉన్నంత మాత్రాన సిజేరియన్ అవసరం లేదు, పేగుకు ఆపరేషన్ అయినవారి సంగతి వేరు. మెసలమైన్ వాడుతూ బిడ్డకు పాలివ్వవచ్చు, అజాథయోప్రిన్‌తో కూడా ఇవ్వవచ్చని వైద్య సంఘాల మార్గదర్శకాలు చెబుతున్నాయి.

బిడ్డకు వచ్చే అవకాశం మామూలు కుటుంబాల కంటే కొంత ఎక్కువే. అయినా తల్లిదండ్రుల్లో ఒకరికే ఉన్నప్పుడు పుట్టేవారిలో అత్యధికులకు ఈ జబ్బు రాదు.

మీ పేగు వైద్యుడిని, కాన్పుల వైద్యురాలిని ఒకరితో ఒకరిని ఫోనులో మాట్లాడించండి. ఒకరు రాసిన మందును మరొకరు చూసి కంగారుపడి ఆపడం చాలాసార్లు జరుగుతుంది. వీలైతే ఒక్కసారి అత్తమ్మగారిని కూడా వెంట తీసుకెళ్లండి. ఇంట్లో ఎన్నిసార్లు చెప్పినా వినని పెద్దలు, వైద్యుడి ఎదుట కూర్చుని తామే ప్రశ్న అడిగి జవాబు వింటే ఒప్పుకుంటారు. భర్తల విషయంలో ఒక మాట: ఈ జబ్బుకే ఇచ్చే సల్ఫాసలజైన్ అనే మందు వాడే మగవారిలో వీర్యకణాలు తగ్గుతాయి. మందు మార్చిన రెండు మూడు నెలల్లో తిరిగి మామూలవుతాయి. పిల్లలు కలగలేదని తిరిగే దంపతుల్లో ఈ మందు సంగతి అడిగేవారు తక్కువ.

ప్రశ్న: రంజాన్‌లో రోజా ఉండవచ్చా? మూడు పూటలా మాత్రలు వేసుకోవాలి. – ఒక పాఠకుడు, కడప

జవాబు: జబ్బు నెమ్మదిగా ఉంటే చాలామంది ఉండగలుగుతారు. మెసలమైన్‌ను రోజుకు మూడుసార్లుగా కాక మొత్తం మోతాదును ఒకేసారి వేసుకున్నా గుణంలో తేడా రాదని తేలింది కాబట్టి, రంజాన్‌కు కొన్ని వారాల ముందే మీ వైద్యుడిని కలిసి సహరీకో ఇఫ్తార్‌కో మార్పించుకోండి. మందు మానేయవలసిన పని లేదు. రక్తం పడుతున్నప్పుడు, స్టిరాయిడ్ మీద ఉన్నప్పుడు, లేదా విరేచనాలతో ఒంట్లో నీరు పోతున్నప్పుడు ఉపవాసం వద్దు. మన ఎండల్లో పగలంతా నీళ్లు లేకుండా ఉంటే మూత్రపిండాల మీద కూడా భారం పడుతుంది. రోగికి మినహాయింపు మీ ధర్మంలోనే ఉంది. ఇఫ్తార్‌లో నూనె సమోసాలతో మొదలుపెట్టకుండా ఖర్జూరం, గంజి, తర్వాత అన్నం అన్న వరుసలో తినండి.

ప్రశ్న: మా ఊళ్లో సంగటి, బుడ్డల ఊరుబిండి, మిరపకాయల కారం లేకుండా ముద్ద దిగదు. డాక్టరు ఏమీ చెప్పలేదు, బంధువులు మాత్రం ‘కారమే ఈ జబ్బుకు మూలం’ అని అన్నీ మాన్పించారు. ఏడు కిలోలు తగ్గాను. ఒక నాటువైద్యుడు నలభై రోజులు పసరు తాగితే పేగు మానుతుందంటున్నాడు. – ఒక పాఠకుడు, అనంతపురం జిల్లా

జవాబు: కారం ఈ జబ్బును పుట్టించదు. ఇది ఒంటిలోని రక్షణ వ్యవస్థ తన పేగు మీదే తిరగబడటం వల్ల వచ్చే జబ్బు. దానికి ప్రేరకాలేమిటన్నది ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. అయితే పూత రేగినప్పుడు కారం మంటను, తొందరను పెంచుతుంది కాబట్టి ఆ రోజుల్లో తగ్గించుకోవడం న్యాయమే. అప్పుడు పచ్చి కూరగాయలు, తొక్కతో పండ్లు, బుడ్డలు, మొక్కజొన్న వంటివి పక్కన పెట్టి, మెత్తని అన్నం, పెసరపప్పు కట్టు, గుడ్డు, అరటిపండు, పలుచని మజ్జిగ తీసుకోండి. సంగటిలో నాకు అభ్యంతరం లేదు. మెత్తగా, గింజ లేకుండా చేసిన రాగి సంగటిని జబ్బు రేగిన రోజుల్లో కూడా చాలామంది తట్టుకుంటారు. పాలు పడనివారికి పెరుగు పడవచ్చు. రెండు వారాలు పాలు మాని చూసి, తేడా కనిపించకపోతే మళ్లీ తాగండి.

జబ్బు నెమ్మదించాక పథ్యం పేరుతో తిండి మానడం తప్పు. మీరు తగ్గిన ఏడు కిలోల్లో జబ్బు వాటా ఎంతో, బంధువుల వాటా ఎంతో చెప్పడం కష్టం. ఊరుబిండి కొద్దికొద్దిగా మొదలుపెట్టండి. పడకపోతే మీ పేగే చెబుతుంది. ఏం తిన్నప్పుడు ఏమయిందో ఒక నోటుపుస్తకంలో రాసుకుంటే, ఎవరో ఇచ్చిన జాబితా కంటే అదే మీకు ఎక్కువగా ఉపయోగపడుతుంది.

పసరు విషయంలో నా అభిప్రాయం ఒక్కటే. అందులో ఏముందో ఇచ్చేవాడు చెప్పడు. కొన్ని నాటు మందుల్లో స్టిరాయిడ్ కలపడం, సీసం వంటి లోహాలు ఉండటం వైద్యులకు ఎదురైన సంగతే. గుణం కనిపించినా అది దేనివల్లో తెలియదు. మెసలమైన్ ఆపి దాన్ని తాగడం మాత్రం చేయవద్దు.

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు, ఇంజినీరింగు చదువుతున్నాడు. మెసలమైన్, స్టిరాయిడ్, అజాథయోప్రిన్ అన్నీ వాడినా తగ్గలేదు. ఇప్పుడు ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే ఇంజెక్షన్ ఎక్కించాలంటున్నారు. హైదరాబాదులో చూసివచ్చిన బంధువు అది క్యాన్సర్ రోగులకు ఎక్కించే వార్డులోనే ఎక్కిస్తారని చెప్పాడు. మాకు భయంగా ఉంది, ఖర్చు కూడా భరించలేం. పేగు తీసేసే ఆపరేషన్ తప్పదా? – ఒక తండ్రి, కర్నూలు

జవాబు: అది క్యాన్సర్ మందు కాదు. ఒకటి రెండు గంటలపాటు నరం ద్వారా నెమ్మదిగా ఎక్కించే మందులన్నింటికీ చాలా ఆసుపత్రుల్లో ఒకే డే కేర్ వార్డు ఉంటుంది కాబట్టి, పక్క మంచం మీద కీమోథెరపీ జరుగుతూ ఉండవచ్చు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ పేగులో మంట రేపే టీఎన్‌ఎఫ్ అనే పదార్థాన్ని అడ్డుకుంటుంది. మొదటి రోజు, రెండో వారం, ఆరో వారం, ఆ తర్వాత ఎనిమిది వారాలకు ఒకసారి ఎక్కిస్తారు.

మొదలుపెట్టే ముందు తప్పక చేయవలసినవి ఉన్నాయి. మన దేశంలో క్షయ ఎక్కువ. బాల్యంలో సోకి ఊపిరితిత్తుల్లో అణగి ఉన్న క్షయ ఈ మందుతో లేచి కూర్చుంటుంది. కాబట్టి ఛాతీ ఎక్స్‌రే, మాంటూ చర్మపరీక్ష లేదా ఇగ్రా రక్తపరీక్ష చేయించాలి. అణగిన క్షయ ఉందని తేలితే ముందు దానికి మందు మొదలుపెట్టి, తర్వాతే ఇది ఇవ్వాలి. హెపటైటిస్ బి పరీక్ష కూడా అంతే ముఖ్యం. మందు ఎక్కించుకున్నాక విడవని దగ్గు, సాయంత్రం జ్వరం వస్తే ‘మామూలు జలుబే’ అని ఊరుకోవద్దు.

ఖర్చు గురించి: అసలు మందుకు సాటిగా మన దేశంలోనే తయారయ్యే బయోసిమిలర్ రకాలు అసలు బ్రాండు కంటే చౌకగా దొరుకుతున్నాయి. ఆ వైద్యుడిని ధైర్యంగా అడగండి, అడగడంలో చిన్నతనం లేదు. టోఫాసిటినిబ్ అనే మాత్ర కూడా ఉంది. దాని జనరిక్ రకాలు మన కంపెనీలే చేస్తున్నాయి కాబట్టి ఇంజెక్షన్ భరించలేని కుటుంబాలకు వైద్యులు దాన్ని ఎక్కువగా ఎంచుకుంటున్నారు. అయితే దానికి క్షయ పరీక్ష, కొలెస్టరాల్ పరీక్ష, సర్పి రాకుండా టీకా వంటి జాగ్రత్తలు ఉంటాయి. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద ఏది వస్తుందో ఆసుపత్రిలో చేరే ముందే అక్కడి ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి. బిల్లు కట్టిన తర్వాత అడిగితే ఉపయోగం ఉండదు.

అజాథయోప్రిన్ ఇంకా వాడుతుంటే ఒక హెచ్చరిక. మన దేశస్థుల్లో కొందరికి పుట్టుకతో వచ్చే ఎన్‌యూడీటీ15 జన్యు తేడా వల్ల ఈ మందు తెల్లరక్తకణాలను ప్రమాదకరంగా పడగొడుతుంది. మొదటి నెలల్లో తరచుగా, తర్వాత మూడు నెలలకొకసారి రక్తకణాల పరీక్ష చేయించాలి. జుట్టు కుచ్చులుగా ఊడటం, గొంతునొప్పితో జ్వరం, నోటిపూత కనిపిస్తే ఆ రోజే మందు ఆపి రక్తపరీక్ష చేయించాలి. యూరిక్ యాసిడ్‌కు వాడే అల్లోప్యూరినాల్‌ను దీనితో కలిపితే విషమవుతుంది కాబట్టి, ఏ వైద్యుడి దగ్గరికి వెళ్లినా ఈ మందు పేరు ముందు చెప్పాలి.

ప్రతి రక్తపరీక్షకు హైదరాబాదు వెళ్లనక్కర లేదు. కర్నూలువాళ్లు హైదరాబాదుకు, అనంతపురంవాళ్లు బెంగళూరుకు, కడపవాళ్లు తిరుపతికో వేలూరుకో వెళ్లి చూపించుకోవడం మన దగ్గర పరిపాటి. పెద్ద నిర్ణయాలు అక్కడ జరగనివ్వండి, నెలనెలా చూడటం మాత్రం ఊళ్లోని ఫిజీషియన్ చేతిలో ఉండాలి. అందుకు కొలనోస్కోపీ రిపోర్టు, బయాప్సీ రిపోర్టు, వాడిన ప్రతి మందు మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ, ఆపిన కారణం రాసిన ఒక ఫైలు ఇంట్లో ఉండాలి. మా దగ్గరికి వచ్చేవారిలో సగం మంది ‘తెల్లమాత్ర, పసుపుమాత్ర’ అనే చెబుతారు.

ఏ పరిస్థితిలో ఇంట్లో ఉంచకూడదో కూడా తెలుసుకోండి. రోజుకు ఆరు, అంతకంటే ఎక్కువసార్లు రక్తంతో విరేచనాలు అవుతూ, దాంతో పాటు జ్వరం గానీ, నాడి నిమిషానికి 90 దాటడం గానీ, ఒంట్లో రక్తం (హిమోగ్లోబిన్) బాగా తగ్గిపోవడం గానీ ఉంటే ఆ పూటే ఆసుపత్రిలో చేర్చాలి. కడుపు ఉబ్బి, గట్టిపడి, విరేచనాలు హఠాత్తుగా ఆగిపోతే తగ్గిందని సంతోషించకూడదు, అది ఇంకా ప్రమాదం. చేర్చాక స్టిరాయిడ్‌ను నరం ద్వారా ఇచ్చి మూడో రోజుకు గుణం చూస్తారు. రాకపోతే ఇన్‌ఫ్లిక్సిమాబ్ గానీ సైక్లోస్పొరిన్ గానీ ఇస్తారు, దానికీ లొంగకపోతే ఆపరేషన్ చేస్తారు. ఆ వార్డులో బంధువులు నర్సులతో గొడవపడే సందర్భం ఒకటుంది: రక్తం పోతున్న పిల్లవాడికి రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ పొడుస్తారా అని అడ్డం పడతారు. తీవ్రమైన ఈ జబ్బులో కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఎక్కువ. మలంలో పోయే రక్తం కంటే ఆ గడ్డ త్వరగా ప్రాణం తీస్తుంది. కాబట్టి వద్దనవద్దు.

ఆపరేషన్ తప్పదా అని అడిగారు. మందులు మిగిలి ఉన్నాయి కాబట్టి ఇప్పుడే ఆ మాట అవసరం లేదు. ఒకవేళ అవసరమైతే దాన్ని ఓటమిగా చూడవద్దు. పెద్దపేగు తీసివేసి, చిన్నపేగు చివరను సంచిలా మలిచి ఆసనానికి కలుపుతారు. కొన్ని నెలలు పొట్ట మీద బయట మలం పట్టే సంచి ఉంటుంది, దాన్ని తర్వాత తీసేస్తారు. ఆ తర్వాత కూడా రోజుకు నాలుగైదుసార్లకు పైగా వెళ్లాల్సి ఉంటుంది గానీ, పరుగెత్తాల్సిన తొందర ఉండదు. కాలేజీకి వెళ్లవచ్చు, ఉద్యోగం చేయవచ్చు. మరీ క్షీణించిపోయాక చేసే ఆపరేషన్ కంటే, ఒంట్లో కొంత సత్తువ ఉండగా నిర్ణయించుకుని చేయించుకునే ఆపరేషన్ ఎంతో సురక్షితం.

ప్రశ్న: ఈ జబ్బు ఉన్నవారికి పెద్దపేగు క్యాన్సర్ వస్తుందా? నాకు జబ్బు వచ్చి తొమ్మిదేళ్లయింది, ఇప్పుడు ఏ బాధా లేదు. – ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: జబ్బు మొదలై ఎనిమిదేళ్లు దాటినవారిలో, పూత మలాశయం దాటి పైకి వ్యాపించి ఉంటే ఆ అవకాశం ఇతరుల కంటే పెరుగుతుంది. అందుకే బాధ ఉన్నా లేకపోయినా ఎనిమిదో ఏట ఒక కొలనోస్కోపీ చేసి చూడాలంటాం. మీరు ఏడాది ఆలస్యమయ్యారు, ఇప్పుడు చేయించుకోండి. పేగు నెమ్మదిగా ఉన్నప్పుడే చేయించడం మేలు, ఎందుకంటే పూత రేగి ఉంటే అనుమానించదగిన మచ్చను పోల్చుకోవడం కష్టం. అందులో కనిపించిన దాన్ని బట్టి తర్వాతి పరీక్ష ఏడాదికా, మూడేళ్లకా, అయిదేళ్లకా అన్నది నిర్ణయిస్తారు. పిత్తనాళాలు కుంచించుకుపోయే పీఎస్‌సీ అనే కాలేయ జబ్బు కూడా ఉన్నవారికి మాత్రం జబ్బు తెలిసిన రోజు నుంచే ఏటా చేయాలి. మీ కాలేయ పరీక్షల్లో, ఆ జబ్బులో పెరిగే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎంత ఉందో పాత రిపోర్టుల్లో వెతికి, వెళ్లేటప్పుడు ఆ కాగితాన్ని కూడా వెంట తీసుకెళ్లండి.